ఏ వెలుగుకు ఏ అద్దం?



ఈవేళ మీతో నల్లకళ్ళద్దాల గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను. అవి సినిమా హీరోలు పెట్టుకునేవీ, కాలేజీ పిల్లలు షోకుకి తగిలించుకునేవీను, మనకెందుకండీ అంటారేమో. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి సైన్సు పాఠాలు చెప్పిన నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆదోని ఎండలో పుట్టి, ఆదోని ఎండలోనే పెరిగినదాన్ని, నాకు నల్లద్దాలేమిటని!

పోయిన చలికాలంలో ఒకరోజు మా పక్కింటావిడ గోడ మీదినించే పిలిచింది. "అక్కా, మా పాపా అల్లుడూ పిల్లలను తీసుకోని మనాలికి పోతాండారంట. మంచు మీద జారే ఆట ఆడతారంట. దానికి వేరే కళ్ళద్దాలు కావాలంట. బెంగుళూరు అంగట్లో పసుపుపచ్చవి ఉన్నాయంట, గులాబీవి ఉన్నాయంట, నల్లవి ఉన్నాయంట. ఏవి కొనాలో నిన్నడగమనింది" అంది. నేను మంచును సినిమాల్లోనూ, ఫ్రిజ్జులోనూ తప్ప ఎరగను. అయినా సైన్సు టీచరుని కదా, తెలియదంటే పరువు పోదూ! రెండురోజులు గడువడిగి, పుస్తకాలు తిరగేశాను. ఆ తిరగేయడంలో మంచు సంగతి సరే, మన ఊరి సంగతి నాకు కొత్తగా తెలిసింది. అదే మీకు చెబుదామని.

మంచు మీద జారేవాళ్ళకి రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి విపరీతమైన వెలుగు. సూర్యకాంతిలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు ఉంటాయని మీ పిల్లల పాఠాల్లో వినే ఉంటారు. మామూలు నేలా, గడ్డీ వాటిలో నూటికి పదివంతులైనా తిప్పికొట్టవు. ఎండిన ఇసుక సుమారు పదిహేను వంతులు తిప్పికొడుతుంది. కొత్తగా పడ్డ మంచు అయితే ఎనభై వంతుల దాకా! అంటే ఎండ పైనుంచీ కొడుతుంది, కిందనుంచీ కొడుతుంది. గొడుగు వేసుకున్నా, టోపీ పెట్టుకున్నా కిందనుంచి వచ్చేది ఆగదు. పైగా కొండ ఎక్కేకొద్దీ, వెయ్యి మీటర్లకి ఇంచుమించు పదోవంతు చొప్పున ఆ కిరణాలు పెరుగుతాయి. అద్దాలు లేకుండా ఒక పూట తిరిగితే, ఆ రాత్రికి కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంటా, నీళ్ళు కారడం, కళ్ళు తెరవలేకపోవడం. నల్లగుడ్డు మీది పొర వేగిపోవడమన్నమాట. ధ్రువప్రాంతాల ఇన్యూట్ జనం అద్దం ముఖం చూడక ముందే దీనికి ఉపాయం కనిపెట్టారు. ఎముకనో చెక్కనో కళ్ళకి కప్పులా చెక్కి, దానికి సన్నని చీలిక పెట్టి, ఆ సందులోంచి చూసేవారు. మన నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పధ్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్టు శిఖరం ఎక్కింది కదా. అటువంటి చోట కాళ్ళకి బూట్లు ఎంత అవసరమో, కళ్ళకి అద్దాలూ అంత అవసరం.

రెండో ఇబ్బంది దీనికి తలకిందులు. మబ్బు పట్టినప్పుడు మంచు మీద నీడ పడదు. అంతా ఒకే తెలుపు. ఎత్తేదో పల్లమేదో తెలియదు. అప్పుడు నల్లద్దం పెట్టుకుంటే ఉన్న కాస్త వెలుగూ పోతుంది. అందుకని లేత పసుపో, నారింజో, గులాబీయో పెట్టుకుంటారు. నీలపు కాంతి గాలిలో ఎక్కువగా చెదిరి, మసకమసకగా కమ్ముకుంటుంది. పసుపు అద్దం ఆ నీలాన్ని వడగట్టి, గుంటా మిట్టా తేడా కొంచెం తేటపరుస్తుంది. కనుక నిండు ఎండకి ముదురు బూడిదరంగో గోధుమరంగో, మబ్బుకి లేత పసుపో గులాబీయో, రాత్రి దీపాల వెలుగులో ఆడితే రంగులేని తెల్లద్దం. పాపకి ఇదే చెప్పించాను. అద్దం రెండు పొరలుగా ఉన్నది కొనమనీ, లేకపోతే ఊపిరి ఆవిరికి లోపల చెమ్మ పడుతుందనీ కూడా చెప్పాను. ఒకే జత కొనేట్టయితే మధ్యరకం ముదురుది చాలు.

ఇక మన ఊరికి వద్దాం. మనకి మంచు లేదంటారా? అక్టోబరు దాటాక ఒకసారి ఆదోని మార్కెట్ యార్డుకి పోయి చూడండి. మిట్టమధ్యాహ్నం ఆ పత్తి కుప్పల వైపు ఒక్క నిమిషం సూటిగా చూడగలరేమో! అంతదాకా ఎందుకు, మిద్దె మీద తెల్లపంచె పరిచి వడియాలు పెట్టేటప్పుడు మనకి నొసలు ముడుచుకోవడం, కళ్ళు చికిలించుకోవడం, కిందికి దిగివచ్చాక ఇల్లంతా చీకటిగా కనబడి గడప తగలడం లేదూ? పైగా ఈమధ్య వేడి తగ్గుతుందని మిద్దెలకి తెల్లరంగు వేయిస్తున్నారు. మంచి పనే. కానీ దాని మీద నిలబడితే వెలుగు ముఖాన కొడుతుంది.

మా అత్తగారు వయసులో ఉన్నన్నాళ్ళూ చేనులో పత్తి ఏరినావిడ. కొంగు నెత్తిన కప్పుకోవడమే ఆవిడకి తెలిసిన రక్షణ. అరవై దాటాక కుడికంట్లో ముక్కు వైపునుంచి కండ పెరిగి, నల్లగుడ్డు మీదికి పాకింది. కళ్ళ డాక్టరు చూస్తూనే, "పెద్దమ్మా, ఎండలో చానా పనిచేసినట్టుండావే" అన్నారు. ఎండా, గాలీ, దుమ్మూ, ఏళ్ళ తరబడి ఈ మూడూ కలిస్తే ఈ కండ వస్తుందట. శుక్లాలు త్వరపడి రావడానికి కూడా ఎండ ఒక కారణమే. కోత పెట్టి కండ తీశారు, చూపు నిలిచింది. కానీ మా తరం ఆడవాళ్ళకి గొడుగైనా ఉంది, ఆవిడకి అదీ లేదు కదా అనిపించింది.

సరే, అయితే నల్లద్దాలు కొనేస్తే సరి అనుకున్నారా? అక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. అద్దం నలుపు వేరు, అతినీలలోహిత కిరణాలను ఆపడం వేరు. నలుపు కంటికి కనబడే వెలుగును తగ్గిస్తుంది. కనబడని కిరణాలను ఆపాలంటే అద్దం పదార్థంలోనో, పూతలోనో ఆ గుణం ఉండాలి. పూర్తిగా తెల్లగా ఉన్న అద్దం కూడా ఆ కిరణాలను ఆపవచ్చు. కారునలుపు అద్దం ఆపకపోవచ్చు. ఆపని నల్లద్దం పెట్టుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. ఎండలో కనుపాప సన్నగా ముడుచుకుంటుంది, మనం కళ్ళు చికిలిస్తాం. ఇవి దేవుడిచ్చిన తలుపులు. నల్లద్దం వెనకాల చీకటి కదా, కనుపాప విప్పారుతుంది, రెప్పలు హాయిగా తెరుచుకుంటాయి. తలుపులు బార్లా తీసి దొంగని పిలిచినట్టు! ఆ కిరణాలు లోపలికి మరింత పోతాయి. అందుకే జాతరలో బొమ్మల పక్కన కుప్పపోసి అమ్మే నల్లద్దాలను పిల్లలకి కొనిపెట్టి ఎండలోకి పంపడం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

కొనేటప్పుడు "యూవీ 400" అని ఉందా అని చూడండి. నాలుగువందల నానోమీటర్ల దాకా ఉన్న అతినీలలోహిత కిరణాలన్నీ ఆపుతుందని దాని అర్థం. అయితే చీటీ ఎవరైనా అంటించవచ్చు. కళ్ళద్దాల అంగళ్ళలో దీన్ని కొలిచే చిన్న మిషను ఉంటుంది, పెట్టి చూపమని అడగండి. మొహమాటపడకండి, చీర కొనేటప్పుడు పడతామా? మరో ఉపాయం కూడా ఉంది. నోట్లు మంచివో దొంగవో చూసే ఊదారంగు లైటు కింద మన నోటు మీది అంకెలు మెరుస్తాయి కదా. ఆ లైటుకీ నోటుకీ మధ్య అద్దం అడ్డుపెట్టి చూడండి. మెరుపు మాయమైతే అద్దం ఆపుతున్నట్టు. పక్కన ఆపని అద్దం కూడా ఒకటి పెట్టి పోల్చుకుంటే తేడా బాగా తెలుస్తుంది. కొన్ని లైట్లు సరిగ్గా హద్దు దగ్గరి కిరణాలు ఇస్తాయి కనుక కొంచెం మెరుపు మిగిలితే అద్దాన్ని వెంటనే తప్పుపట్టకండి. మిషను మాటే మాట. పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్కుకి ఈ కిరణాలను ఆపే గుణం సహజంగానే ఉంది, తొందరగా పగలదు కూడా. పిల్లలకీ, బండి నడిపేవాళ్ళకీ అదే మేలు.

ఇంకొక పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. అద్దాన్ని చేయి చాపినంత దూరంలో పట్టుకుని, అందులోంచి కిటికీ కమ్మీలను చూస్తూ మెల్లగా అటూఇటూ కదపండి. కమ్మీలు వంకరపోతే, పాములా కదిలితే ఆ అద్దం వద్దు. గంటసేపు పెట్టుకుంటే తలనొప్పి ఖాయం.

నలుపు ఎంత ఉండాలన్న దానికి లోకమంతటా ఒక లెక్క ఉంది. సున్నానుంచి నాలుగు దాకా ఐదు తరగతులు. సున్నా అంటే దాదాపు తెల్లద్దం, వందలో ఎనభైకి పైగా వెలుగును లోపలికి వదులుతుంది. ఒకటి నలభైమూడునుంచి ఎనభై, రెండు పద్ధెనిమిదినుంచి నలభైమూడు, మూడు ఎనిమిదినుంచి పద్ధెనిమిది. నాలుగు మూడునుంచి ఎనిమిది మాత్రమే. ఆ నాలుగోది మంచుకొండలకీ, సముద్రం మీదికీ. దానితో బండి నడపకూడదు. మంచి అద్దాల కాడల లోపలివైపు ఈ అంకె వేసి ఉంటుంది. మన వేసవి ఎండకి మూడోది సరిపోతుంది. మబ్బుగా ఉండే జూలై, ఆగస్టులకి ఒకటో రెండో చాలు. మబ్బుంది కదా అని పూర్తిగా తీసేయకండి, పలచటి మబ్బుల్లోంచి ఆ కనబడని కిరణాలు చాలావరకు దిగివస్తూనే ఉంటాయి.

ఇప్పుడు మా ఇంటి కథ చెప్పాలి. మా మరిది కాపురం ఆదోనిలో, ఉద్యోగం ఎమ్మిగనూరులో. రోజూ మోటారుసైకిలు మీద పోయి వస్తాడు. మ్యాపు తీసి చూడండి. ఆదోనికి ఎమ్మిగనూరు ఈశాన్యంగా ఉంది. పొద్దున పోయేటప్పుడు సూర్యుడు ముందు, సాయంత్రం వచ్చేటప్పుడూ సూర్యుడు ముందే. వేసవి పొద్దులూ, చలికాలం సాయంత్రాలూ అయితే సరిగ్గా కళ్ళల్లో కొడుతుంది. అదే ఎమ్మిగనూరులో ఉండి ఆదోనికి వచ్చేవాళ్ళకి రెండుపూటలా వీపుకే ఎండ! ఒకే రోడ్డు, ఎవరి అదృష్టం వారిది. జనవరి ప్రాంతాల ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరుని జాతర జరుగుతుంది కదా, ఒక ఏడు ఆ జాతరలో అతను కారునలుపు అద్దాలు కొన్నాడు. "వదినా, ఇంక సూర్యుడు నన్నేమీ చేయలేడు" అని నాకు చూపించి నవ్వాడు కూడా.

నాలుగోరోజు సాయంత్రం ఇంటికి వస్తుంటే సూర్యుడు కుంకాడు. దుమ్ము లేస్తోంది. అద్దాలు తీస్తే కంట్లో పడుతుందని అలాగే వస్తున్నాడు. ముందు పత్తి లోడుతో ట్రాక్టరు ట్రాలీ నిలిచి ఉంది, వెనక దీపం లేదు. అతనికి అది కనిపించేసరికి బండికీ దానికీ మధ్య బారెడు కూడా లేదు. ప్రాణం దక్కింది. భుజం దగ్గర ఎముక విరిగి రెండునెలలు చేయి కట్టుకుని కూర్చున్నాడు. మా తోడికోడలికి అప్పుడు ఏడోనెల. ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని, "దీపం లేకుండా నిలబెట్టినోణ్ణి అనాల్నా, ఈయన్ని అనాల్నా అక్కా" అంది. నాకు జవాబు తోచలేదు. ట్రాలీవాడిది తప్పే. కానీ వందలో తొంభైరెండు వంతుల వెలుగును ఆపే అద్దం మసకవేళ కళ్ళకి ఉంటే, దీపమున్న బండి కూడా ఆలస్యంగానే కనిపిస్తుంది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. వెలుగునుంచి చీకట్లోకి వచ్చినప్పుడు కనుపాప క్షణాల్లో విప్పారుతుంది కానీ, కంటి లోపలి తెర చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. పగలంతా అద్దాలు లేకుండా ఎండలో ఉన్నవాళ్ళకి ఆరోజు సాయంత్రం ఈ అలవాటు మరీ నెమ్మది. అంటే పగలు నల్లద్దం పెట్టుకోవడం రాత్రి చూపుకి మంచిది, సాయంత్రం తీసేయడమూ మంచిదే. మరి దుమ్ము? దానికి తెల్లద్దం వేరుగా ఉంచుకోవాలి. చెంపలనుంచి కూడా మూసివచ్చే వంపు కళ్ళద్దాలు తెల్లవి దొరుకుతాయి. లేదా హెల్మెట్‌కి తెల్ల ముఖపు అద్దం ఉన్నా చాలు.

రాత్రి బండి నడపడానికని పసుపు అద్దాలు అమ్ముతున్నారు. ఎదుటి బండి దీపాల మెరుపు తగ్గుతుందంటారు. పసుపైనా అది కూడా వెలుగును కొంత మింగేదే. రాత్రిపూట ఉన్న వెలుగే తక్కువ. కొనకండి. రాత్రి దీపాలు చెదిరి కళ్ళల్లో గుచ్చుకుంటున్నాయంటే పవరైనా మారి ఉండాలి, శుక్లమైనా మొదలై ఉండాలి, డాక్టరుకి చూపించండి.

రంగుల మాట. బూడిదరంగు అద్దం అన్ని రంగులనూ సమానంగా తగ్గిస్తుంది కనుక, ఎరుపు ఎరుపుగానే, పచ్చ పచ్చగానే ఉంటుంది. గోధుమరంగు వస్తువుల అంచులు తేటగా చూపిస్తుంది కానీ రంగులను కొంచెం మారుస్తుంది. పచ్చనిది ఈ రెంటికీ మధ్య. నీలం, ఎర్ర అద్దాలు షోకుకే, రోడ్డు మీద సిగ్నలు దీపాల రంగు తారుమారు కావచ్చు. ఇది మనకి మరోచోట కూడా అవసరం. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరు ఎమ్మిగనూరు, మన ఆదోని బట్టల అంగళ్ళకి పేరు. ఈ రెండూళ్ళలో బట్టల బేరం లేని ఇల్లుంటుందా! గోధుమరంగు అద్దాలతో అంగట్లోకి పోయి, చిలకాకుపచ్చ అనుకుని వేరే పచ్చ చీర తెచ్చుకున్నావిడ నాకు తెలుసు. ఎవరో చెప్పను, ఈ మాటలు ఆవిడ కూడా వింటూ ఉంటుంది. గడప దాటగానే అద్దాలు తీసి, రెండు నిమిషాలు ఆగి, అప్పుడు చీర చూడండి.

పోలరైజ్డ్ అద్దాలని కొంచెం ఖరీదైనవి ఉన్నాయి. నీళ్ళమీదినుంచీ, తారురోడ్డు మీదినుంచీ, కార్ల ముందు రేకుమీదినుంచీ పడివచ్చే తళుకును ఇవి కోసేస్తాయి. మధ్యాహ్నం హైవే మీద కారు నడిపేవాళ్ళకి చాలా సుఖం. నిజమైనవో కావో తెలుసుకోవాలంటే రెండు జతలు తీసుకుని, ఒక అద్దం మీద ఒకటి పెట్టి అడ్డంగా తిప్పండి, రెండూ కలిసి పూర్తిగా నల్లబడాలి. చిక్కేమిటంటే వీటిలోంచి కొన్ని ఫోన్ల తెరలు నల్లగా కనిపిస్తాయి. రోడ్డు మీద తడి మెరుపు కూడా కనపడకుండా పోతుంది. మంచు మీద జారేవాళ్ళు కొందరు ఇందుకే వద్దంటారు, గడ్డకట్టిన నున్నటి చోటు మెరిస్తేనే కదా తెలిసేది!

ఎండలోకి పోతే నల్లబడి, ఇంట్లోకి వస్తే తెల్లబడే అద్దాలు అందరికీ తెలుసు. 1960లలో అమెరికాలో కార్నింగ్ కంపెనీవారు గాజులో వెండి లవణాలు కలిపి వీటిని తయారుచేశారు, ఇప్పుడు ప్లాస్టిక్కులో కూడా వస్తున్నాయి. చత్వారం ఉన్నవాళ్ళకి రెండు జతలు మోసే బాధ తప్పిస్తాయి. కానీ వీటిని నల్లబరిచేది అతినీలలోహిత కిరణాలు. కారు ముందద్దమూ, హెల్మెట్ ముఖపు అద్దమూ ఆ కిరణాలను ముందే ఆపేస్తాయి, వెనకాల ఉన్న కళ్ళద్దాలు అంతగా నల్లబడవు. పైగా వేడికి వీటి నలుపు తగ్గుతుంది. చలిదేశంలో కారునలుపయ్యే అద్దం మన ఏప్రిల్ ఎండలో సగం నలుపుతో సరిపెడుతుంది. మా మరిదివంటివాళ్ళకి ఇవి పనికిరావు.

శుక్లాల ఆపరేషనయ్యాక ఆసుపత్రిలో ఇచ్చే నల్లద్దాలను పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి ఇంట్లో కూడా పెట్టుకుని తిరుగుతుంటారు. అవి కొత్తలో వెలుగు గుచ్చకుండా, దుమ్మూ చెయ్యీ తగలకుండా ఇచ్చేవి. డాక్టరు చెప్పిన గడువు దాటాక వాటిని ఇంట్లో తీసేయించండి. చీకటిగా ఉన్న పెరట్లో, మెట్ల దగ్గర కాలుజారి తుంటి విరిగితే అదొక పెద్ద కథ. అలాగే గ్రహణంనాడు ఏ నల్లద్దంతోనూ సూర్యుణ్ణి చూడకూడదు, రెండు జతలు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నా సరే. దానికి ప్రత్యేకమైన గ్రహణపు అద్దాలే ఉండాలి.

చివరగా అద్దాల శుభ్రత. మనకి పైటకొంగుతో తుడవడం అలవాటు. మన ఊళ్ళో గాలినిండా సన్నటి ఇసుకదుమ్ము. పొడిగా తుడిస్తే ఆ రేణువులే అద్దాన్ని గీస్తాయి, గీతలు పడ్డ అద్దంలో సాయంత్రపు సూర్యుడు మరింత చెదురుతాడు. ముందు నీళ్ళ ధార కింద పట్టి దుమ్ము పోనిచ్చి, అవసరమైతే ఒక చుక్క సబ్బునీరు వేసి, పాత మల్లు గుడ్డతో అద్దండి. బండి ట్యాంకు మీదో, ఎండలో నిలిపిన కారు లోపలో వదిలేయకండి, వేడికి పూత పగుళ్ళిస్తుంది.

మా మరిది బండి పెట్టెలో ఇప్పుడు రెండు డబ్బాలుంటాయి. ఒకదాని మూతమీద మా తోడికోడలు ఎర్ర నెయిల్ పాలిష్‌తో సూర్యుడి బొమ్మ వేసింది, ఇంకోదానిమీద చంద్రుడిది. పొద్దుగూకే వేళకి ఫోన్ చేసి, "చంద్రుడు పెట్టుకున్నావా?" అని అడగడం వాళ్ళ పాప పని.